2030 లక్ష్యాలు తప్పితే ఎవరిని పట్టుకుని అడగాలి? కొల్లేరుతో మొదలుపెడదాం

ఉప్పుటేరు (చర్చ మొదలుపెట్టినవారు)
2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఒప్పుకున్నాయి. లక్ష్యాలు 17, వాటి కింద ఉపలక్ష్యాలు 169. అందరూ 2030 గడువు అనే అంటారు గానీ కొన్నిటికి 2020కే గడువు పెట్టుకున్నారు. 6.6 అనేది అలాంటిదే. చిత్తడి నేలలు, నదులు, సరస్సులు 2020 కల్లా కాపాడి బాగుచెయ్యాలి అని అందులో రాసుకున్నారు. ఆ గడువు వచ్చింది, పోయింది. మా కైకలూరు వైపు దాని గురించి నోరెత్తిన నాయకుణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు.

కొల్లేరు చరిత్ర చూడండి. 1999లో 5వ కాంటూరు దాకా (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత), అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల్ని కాపాడే అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం జాబితాలో చేర్చారు, అంటే ప్రపంచం ముందు మాట ఇచ్చినట్టే. 2006లో సుప్రీంకోర్టు చెప్పాక చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరిగ్గా రెండేళ్లకు, 2008లో, అదే ప్రభుత్వం ఉండగానే అసెంబ్లీ ఏకగ్రీవంగా 3వ కాంటూరుకు కుదించమని తీర్మానం చేసింది. అలా కుదిస్తే సగానికి పైగా బయటికి పోతుంది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ ఎన్నికలప్పుడు 3వ కాంటూరు మాటే ఎత్తాయి. ఈలోపు చెరువులు మళ్లీ వచ్చేశాయి.

నా ప్రశ్న ఒక్కటే. ప్రపంచానికి ఇచ్చిన మాట తప్పితే ఏ మంత్రి, ఏ పదవి జవాబు చెప్పాలి? ప్రతి హామీ పక్కన ఒక పదవి పేరు రాసి, ఏటా అసెంబ్లీలో లెక్క చెప్పాలని చట్టం చెయ్యాలని నేను అంటున్నాను.

సత్తెనపల్లి బాబు
మంచి విషయం ఎత్తారు. ఫాలో అవుతున్నా.

గణాంకం
ఉప్పుటేరు గారూ, దేశం మాట తప్పింది అన్నట్టు రాశారు, అది సరికాదు. పారిస్ ఒప్పందం కింద 2030 నాటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో (ప్లాంట్లన్నీ కలిపి గరిష్ఠంగా తయారు చెయ్యగలిగే కరెంటు) సగం శిలాజేతర వనరుల నుంచి, అంటే బొగ్గు, చమురు, గ్యాస్ కానివాటి నుంచి, ఉండాలని 2022లో చెప్పాం. 2025 జూన్ కల్లా సగం దాటేశాం, ఐదేళ్ల ముందే. చారిత్రకంగా గాలిలోకి ఎక్కువ కార్బన్ వదిలిన దేశాలు ఏం చేశాయో ముందు అడగండి. లక్ష్యం అందుకున్న దేశాన్ని నిలబెట్టి జవాబు చెప్పమనడం ఏం న్యాయం?

ఉప్పుటేరు
నేను కొల్లేరు గురించి అడిగాను, మీరు కరెంటు గురించి చెబుతున్నారు. సరే, దానికే వద్దాం. స్థాపిత సామర్థ్యం వేరు, నిజంగా తయారైన కరెంటు వేరు. యూనిట్ల లెక్క తీస్తే ఇప్పటికీ డెబ్బై శాతం దరిదాపుల్లో బొగ్గుదే. ఇంకో మాట, 2022 కల్లా 175 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్ అని చెప్పాం, ఆ ఏడాది చివరికి సుమారు 120 దగ్గర ఆగాం. ఆ తేడాకి ఎవరు జవాబు చెప్పారు? అందుకున్న లక్ష్యానికి ప్రకటన వస్తుంది, అందుకోనిదానికి కొత్త తేదీ వస్తుంది. నా బాధంతా అదే.

గణాంకం
హామీలో రాసింది స్థాపిత సామర్థ్యం అనే. రాసిన దాన్ని బట్టే కదా కొలవాలి? తయారైన యూనిట్లు అని ఎక్కడా రాయలేదు. కొలమానం మధ్యలో మార్చి ఫెయిల్ అనడం పద్ధతి కాదు. 50 శాతం దాటాం. ఇది ఒప్పుకోండి, మిగతాది తర్వాత మాట్లాడదాం.

రాటర్‌డ్యామ్ వాసి
నేనుండే నెదర్లాండ్స్‌లో ఈ ప్రశ్న కోర్టులో తేలింది. ఉర్హెండా అనే సంస్థ ప్రభుత్వం మీద కేసు వేస్తే, 1990తో పోలిస్తే 2020 కల్లా ఉద్గారాలు కనీసం 25 శాతం తగ్గించాల్సిందేనని 2019 డిసెంబరులో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మాది సముద్ర మట్టానికి దిగువన ఉన్న ప్రాంతం, ఇక్కడి జనానికి అది ప్రాణం మీది విషయం. స్విట్జర్లాండ్‌లో పెద్ద వయసు ఆడవాళ్లు కేసు వేసి 2024 ఏప్రిల్‌లో యూరప్ మానవ హక్కుల కోర్టులో గెలిచారు. ఇండియాలో కూడా ఇలాంటిది ఎందుకు వెయ్యరు?

ప్లీడరు
వేశారండి. ఉత్తరాఖండ్‌కు చెందిన తొమ్మిదేళ్ల పాప 2017లో హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది, పారిస్ హామీలకు తగ్గట్టు ప్రభుత్వం పని చెయ్యడం లేదని. 2019లో కొట్టేశారు, ఉన్న చట్టాల కింద ఇవన్నీ ఎలాగూ చూస్తారులే అన్న అర్థంలో.

ఇంకో కేసు చెబుతాను, ఇది మన కర్నూలు వాళ్లకూ సంబంధించింది. రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పిట్ట కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతోందని ఎం.కె. రంజిత్‌సింహ్ వేసిన కేసు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కిందికి వచ్చే హక్కు అంది. అందరూ పండగ చేసుకున్నారు. కానీ అదే తీర్పులో, విశాలమైన ప్రాంతంలో కరెంటు తీగలు భూమిలోంచి వెయ్యాలన్న 2021 నాటి ఆదేశాన్ని సడలించి, కమిటీకి అప్పగించారు. దానికి చూపిన కారణాల్లో దేశం ప్రపంచానికి ఇచ్చిన సౌర విద్యుత్ హామీలు కూడా ఉన్నాయి. ఒక అంతర్జాతీయ హామీ ఇంకో జీవికి అడ్డం వచ్చింది. కాబట్టి మాట ఇచ్చారు, నిలబెట్టుకోండి అంటే సరిపోదు, ఏ మాట అనేది కూడా తేల్చుకోవాలి.

లంకలో పుట్టా
పైనుంచి అంతా చదివానండి. నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, ఢిల్లీ అన్నీ అయ్యాయి. కొల్లేరులో పుట్టినవాణ్ణి ఒక్క మాట చెబుతా. 3వ కాంటూరుకు కుదించమనడంలో తప్పేం లేదు. అక్కడ లంక గ్రామాలున్నాయి, జనం ఉన్నారు, జిరాయితీ (సొంత పట్టా) భూములున్నాయి. పక్షుల కోసం గీత గీసినవాళ్లు ఆ గీత లోపల మనుషులున్నారని చూడలేదు.

ఉప్పుటేరు
సార్, 5వ కాంటూరు వదిలేస్తే కొల్లేరే ఉండదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు వచ్చి నిలబడే చోటు అది. వర్షాకాలం నీళ్లు పట్టి ఉంచి మెల్లగా ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదలాలి. గట్లు వేసి ముక్కలు చేస్తే వరదప్పుడు పైన ఊళ్లు మునుగుతాయి, ఎండాకాలం సముద్రపు నీరు ఉప్పుటేరు మీదుగా వెనక్కి ఎక్కుతుంది. మే నెలలో మా బోరు నీళ్లతో అన్నం వండితే ముద్ద నోట పెట్టలేం. గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. ఇంటిల్లిపాదీ క్యాన్ల నీళ్లే కొనుక్కుని తాగుతున్నాం.

సింగ్‌నగర్ నుంచి
2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చింది. గండ్లు పడటం అసలు కారణం, కాదనను. కానీ నీళ్లు దిగడానికి ఎందుకన్ని రోజులు పట్టిందో కిందనున్న కొల్లేరును చూస్తే తెలుస్తుంది. మా అమ్మ మేడ మీద కూచుని మందుల కోసం పడవ ఎప్పుడొస్తుందా అని చూసింది. కాబట్టి ఇది పక్షుల గొడవ మాత్రమే కాదు.

గణాంకం
వరదల సంగతి నిజమే. కానీ టైటిల్‌లో 2030 లక్ష్యాలు అని ఉంది కాబట్టి చెబుతున్నా, నీతి ఆయోగ్ ప్రతి రాష్ట్రానికీ సూచీ ఇస్తోంది, 2018 నుంచి. 2023-24 సూచీలో కేరళ, ఉత్తరాఖండ్ 79 మార్కులతో మొదటి స్థానంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ కూడా ముందు వరుసలోనే ఉంది. అంటే లెక్క చెప్పే వ్యవస్థ ఉంది. లేదన్నట్టు మాట్లాడకూడదు.

ఉప్పుటేరు
గణాంకం గారూ, 2023 జనవరిలో జోషీమఠ్‌లో ఇళ్లు పగుళ్లిచ్చి జనం కట్టుబట్టలతో బయటికి వచ్చింది ఉత్తరాఖండ్‌లోనే. అదే రాష్ట్రానికి మొదటి స్థానం. నీటి లక్ష్యం కింద ఆ సూచీ చూసేది ప్రధానంగా కుళాయిలు, మరుగుదొడ్లు, భూగర్భ జలాల వాడకం. సరస్సు బతికుందా చచ్చిందా అన్న గడి అందులో లేదు. కొల్లేరు మొత్తం ఎండిపోయినా మన రాష్ట్రానికి ఒక్క మార్కు తగ్గదు. దీన్ని మీరు లెక్క చెప్పడం అంటారా?

గణాంకం
కుళాయి నీళ్లు ముఖ్యం కాదా? పల్లెల్లో ఆడవాళ్లు బిందెలు మోసుకెళ్లే రోజులు మీకు తెలియవేమో. దాన్ని తక్కువ చెయ్యకండి.

ఉప్పుటేరు
తక్కువ చెయ్యలేదు. మీరు ప్రతిసారీ ప్రశ్న పక్కకు తప్పిస్తున్నారు. 2012 అక్టోబరులో హైదరాబాదులోనే జీవవైవిధ్య సదస్సు జరిగింది, ప్రపంచ దేశాలన్నీ వచ్చాయి, ఊరంతా హోర్డింగులు పెట్టారు. 2020 కల్లా సాధిస్తామన్న 20 ఐచి లక్ష్యాల్లో (జీవవైవిధ్యం కోసం దేశాలన్నీ పెట్టుకున్నవి) ప్రపంచం మొత్తం మీద ఒక్కటి కూడా పూర్తిగా అందలేదని 2020లో ఐక్యరాజ్యసమితే చెప్పింది. ఎవరి పదవైనా పోయిందా? ఎవరైనా సభలో లేచి నిలబడి ఎందుకు కాలేదో చెప్పారా? కొల్లేరులో 2006లో కొట్టేసిన చెరువులు మళ్లీ తవ్వినవాళ్లు, తవ్వనిచ్చిన నాయకులు, ఇద్దరూ దొంగలే. వాళ్ల పేర్లు బయటపెట్టి కేసులు పెట్టాలి. అందులో నాకు దయాదాక్షిణ్యాలు లేవు.

లంకలో పుట్టా
దొంగలా? ఎవరండీ దొంగలు?

1976లో వెంగళరావు గారి ప్రభుత్వం కొల్లేరులో చెరువులు తవ్వించి సొసైటీలు పెట్టి మా వాళ్లకు ఇచ్చింది. వలేసుకుని తాటిదోనె మీద తిరిగి కొర్రమీను, ఇంగిలాయి పట్టుకునేవాళ్లను చేపల పెంపకంలోకి దింపింది ప్రభుత్వమే. తర్వాత మేతకు, పిల్లకు, గట్టుకు పెట్టుబడి కావాలంటే మా దగ్గర లేదు. ఊళ్ల నుంచి పెద్దవాళ్లు వచ్చి లీజుకు తీసుకున్నారు. పేరు మాది, చెరువు వాళ్లది. ఎకరాకి ఏడాదికి ఇంత అని మా చేతిలో పెట్టేవాళ్లు, అదే చెరువు మీద మేం కూలికి వెళ్లేవాళ్లం.

2006లో పొక్లెయిన్లు వచ్చినప్పుడు మా నాన్న వాటా ఉన్న చెరువు గట్టు తెగ్గొట్టారు. నీళ్లు ఒక్కసారిగా పోయాయి, పట్టుబడికి రాని చేపలు బురదలో కొట్టుకుంటుంటే మా అమ్మ గోనెసంచిలో ఏరింది. కొనేవాడు లేడు, సాయంత్రానికి వాసన కొట్టాయి, గట్టు పక్కనే పూడ్చేశాం. లీజుదారుడికి ఇంకో చోట చెరువులున్నాయి, ఐస్ ఫ్యాక్టరీ ఉంది, ఆయనకేం కాలేదు. మా నాన్న పరిహారం కోసం కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చనిపోయాడు. ఆ ఫైలు ఏమైందో ఈ రోజుకీ తెలీదు.

మళ్లీ గట్లు వేసింది ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. మీరు కేసులు పెట్టాలంటారు, పెడితే ఎవరి మీద పెడతారు? కాగితం మీద పేరు ఉన్నవాడి మీద. అంటే మళ్లీ మా మీదే.

ఆకుపచ్చ
ఇది నిజం. నా స్నేహితుడి ఊళ్లోనూ ఇదే జరిగింది.

ఉప్పుటేరు
మీ నాన్నగారి సంగతి చదివి మనసు కష్టపడింది. కానీ మీరు చెప్పిందే నా వాదనకు బలం కదా. లీజుదారుణ్ణి, వాడి వెనకున్న నాయకుణ్ణి పట్టుకోమనే నేనూ అంటున్నా. దానికోసం కొల్లేరును కుదించమంటే ఎలా? కుదిస్తే లాభం ఎవరికి? ఆ భూములు చట్టబద్ధం అయిన మర్నాడు అదే లీజుదారుడు కొనేసుకుంటాడు.

లంకలో పుట్టా
మీ చర్చ మొదటి పోస్టు మళ్లీ చదవండి. మాట తప్పిన నాయకుడు జవాబు చెప్పాలన్నారు. ఎవరికి? ఐక్యరాజ్యసమితికా, రామ్‌సర్ వాళ్లకా, మీకా? 2008లో 3వ కాంటూరుకు చెయ్యెత్తిన ఎమ్మెల్యే జవాబుదారీ లేనివాడని మీరంటారు. మా లంకలో అడగండి, ఆయన మాకు జవాబు చెప్పాడంటారు. ఓట్లడగడానికి వచ్చినప్పుడు మేం ఒకటే అడిగాం, మా బతుకు సంగతేంటని. ఆయన తీర్మానం చేశాడు. మీ దృష్టిలో అది మాట తప్పడం, మా దృష్టిలో మాట నిలబెట్టుకోవడం. ప్రపంచానికి ఇచ్చిన మాట మమ్మల్ని అడిగి ఇవ్వలేదు. 1999లో ఆ జీవో వచ్చేముందు గ్రామసభ పెట్టి చెప్పినవాడు మా ఊళ్లో లేడు.

ప్లీడరు
ఇంతసేపటికి అసలు విషయం బయటికొచ్చింది. అంతర్జాతీయ హామీ ఇచ్చేది కేంద్ర కార్యవర్గం. 253 అధికరణం కింద దానికి చట్టం చెయ్యగలిగేది పార్లమెంటు. నేల, నీరు, చేపల పెంపకం రాష్ట్రం చేతిలో. ఓటు వేసేది లంక గ్రామం. హామీ ఇచ్చిన చోట ఓటరు లేడు, ఓటరు ఉన్న చోట హామీ సంగతే తెలీదు. ఉప్పుటేరు గారు అడిగే చట్టం ఈ మధ్యలో ఉన్న ఖాళీని పూడ్చకపోతే ఇంకో నివేదిక పుట్టడం తప్ప ఏమీ జరగదు.

రాటర్‌డ్యామ్ వాసి
కానీ బ్రిటన్‌లో 2008 వాతావరణ మార్పు చట్టం పనిచేసింది కదా? ఐదేళ్లకోసారి కార్బన్ బడ్జెట్ (ఉద్గారాలు ఇంతకు మించకూడదన్న పరిమితి), స్వతంత్ర కమిటీ, పార్లమెంటుకు ఏటా రిపోర్టు. ప్రణాళిక సరిపోదని 2022లో ఒకసారి, 2024లో ఇంకోసారి అక్కడి హైకోర్టు ప్రభుత్వాన్నే తప్పుబట్టింది.

ప్లీడరు
పనిచేసింది, ఎందుకంటే ఆ లక్ష్యం వాళ్ల పార్లమెంటు చట్టంలోనే ఉంది. మన దగ్గర 45 శాతం ఉద్గార తీవ్రత (జీడీపీలో ప్రతి రూపాయికి వదిలే ఉద్గారాలు) తగ్గింపు, 2070 నెట్ జీరో, ఇవేవీ చట్టంలో లేవు. చట్టంలో లేనిదాన్ని కోర్టు పట్టుకోవడం కష్టం. పర్యావరణాన్ని కాపాడాలనే 48ఏ అధికరణం ఆదేశిక సూత్రం, అంటే ప్రభుత్వానికి మార్గదర్శకమే, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కేసు గెలవలేరు.

గణాంకం
కేంద్రం ఇచ్చిన 50 శాతం హామీకి చట్టం లేకుండానే లక్ష్యం అందింది. చట్టం అవసరమా అని అడుగుతున్నా.

ఉప్పుటేరు
అమ్మే కంపెనీలకు లాభం ఉన్న లక్ష్యం చట్టం లేకుండా అందుతుంది. సోలార్ ప్యానెల్ పెడితే పెట్టినవాడికి డబ్బొస్తుంది. సరస్సు బాగుంటే ఎవడికీ బిల్లు రాదు, అందుకే చట్టం కావాలి. దీనికి సమాధానం చెప్పండి, లేకపోతే 50 శాతం మాట ఇక ఎత్తకండి. నాకు చాలా కోపంగా ఉంది.

నిర్వాహకులు
అందరూ కాస్త నెమ్మదించండి. ఎవరినీ దొంగలు అనవద్దు, వ్యక్తుల పేర్లు, ఊరి గుర్తులు రాయవద్దు. చర్చ కొనసాగించవచ్చు.

గణాంకం
కోపం ఎందుకండీ. నాదీ ఈ దేశమే, లక్ష్యం అందుకుంటే సంతోషపడతాను, దాన్ని చిన్నబుచ్చితే బాధేస్తుంది. కొల్లేరు విషయంలో రాష్ట్రం జవాబు చెప్పాలి అంటే నాకు అభ్యంతరం లేదు. దేశం మొత్తం ఫెయిల్ అనకండి, అంతే నేను కోరేది.

ఉప్పుటేరు
లంకలో పుట్టా గారికి నా జవాబు. గ్రామసభ పెట్టకుండా గీత గీశారంటే ఆ అన్యాయం అన్యాయమే. కానీ ఒక ఊరి ఓటుకు జవాబు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆ నీటి మీద పైన బెజవాడ ఉంది, కింద ఉప్పు నీళ్లు తాగే మా ఊళ్లు ఉన్నాయి, ఇంకా పుట్టని పిల్లలు ఉన్నారు. వాళ్లకు ఆ నియోజకవర్గంలో ఓటు లేదు. అందుకే పై మాట ఒకటి కావాలి. 2025లో సుప్రీంకోర్టు మళ్లీ సరిహద్దులు తేల్చమంది. ఈసారి సర్వే జరిగేటప్పుడు మనం ఊరుకుంటే మళ్లీ 2006 లాగే అవుతుంది. నేను కలెక్టరు గారికి, అసెంబ్లీ హామీల కమిటీకి అర్జీ రాస్తున్నా. 5వ కాంటూరు దగ్గర తగ్గను. మీరు సంతకం పెడతారా?

లంకలో పుట్టా
5వ కాంటూరు అని మొదటి వాక్యంలో రాస్తే మా ఊళ్లో ఒక్కరూ పెట్టరు. నేనూ పెట్టను.

ఏం రాస్తే పెడతామో చెబుతా. సర్వే గొలుసు పట్టుకునే ముందు ప్రతి సొసైటీ చెరువులో లీజు ఎవరిదో, మేత ఎవరు పోస్తున్నారో, చేపల లారీ బిల్లు ఎవరి పేరుతో వెళ్తోందో రాయాలి. ఆ జాబితా గ్రామసభలో చదవాలి. గట్టు కొట్టాలంటే ఖర్చు, జరిమానా ఆ పేరు మీద పడాలి. జిరాయితీ భూమి పోయినవాడికి, సొసైటీ వాటా పోయినవాడికి డబ్బు ముందు ఇవ్వాలి, కొట్టిన తర్వాత కాదు. తర్వాత వలేసుకుని చేప పట్టుకునే హక్కు మాకు కాగితం మీద ఉండాలి.

ఉప్పుటేరు
ఇవన్నీ చేరుస్తా. లీజుల జాబితా మొదటి డిమాండుగా పెడతా, పరిహారం రెండోది, సరిహద్దు మూడోది. కానీ మూడోది తియ్యను.

లంకలో పుట్టా
తియ్యమనడం లేదు. డబ్బు చేతికొచ్చాకే సర్వే రాళ్లు పాతాలి, ఆ మాట మూడో దాంట్లో కూడా మళ్లీ రాయండి. రాసి ఇక్కడ పెట్టండి, ఊళ్లో నలుగురికి చదివి వినిపించి చెబుతా.

ప్లీడరు
డ్రాఫ్టు పెట్టగానే నేను చూస్తాను. లీజుల వివరాలకు సమాచార హక్కు దరఖాస్తు విడిగా వెయ్యండి, రెండూ ఒకే కాగితంలో పెడితే రెండూ ఆగిపోతాయి.